దొరగారి షుగరు

“ఇవాళ మూడొందల నలభై!” కుట్టుగదిలోంచి దర్జీ అరిచాడు.

వంటింట్లో భార్య నెత్తి కొట్టుకుంది.

దొర అంటే వాళ్ల కుక్క. పదకొండేళ్లది. నెల కిందట ఆసుపత్రిలో చూస్తే ఒంట్లో నెత్తురు పారుతోందో తేనె పారుతోందో తెలియనంత షుగరు. డాక్టరమ్మ వైద్యం మొదలుపెట్టింది. రెండుపూటలా ఇన్సులిన్. కొలిచి తిండి. ఠంచనుగా నడక. తీపి మాటే ఎత్తకూడదు. రోజూ చెవి అంచున సన్నగా గుచ్చి, ఒక్క చుక్క మిషనులో చూసి పుస్తకంలో రాయాలి.

ఇన్సులిన్ భార్య వంతు. మిషను దర్జీ వంతు.

“నిజం చెప్పండి. నా కళ్లుగప్పి దానికి బిస్కెట్లు పెడుతున్నారు కదూ?”

“ఒట్టు! నా నోట్లోకే ముద్ద దిగట్లేదు, దానికేం పెడతానే?”

మాట నిజమే. మనిషి చీపురుపుల్లయ్యాడు. తను కుట్టుకున్న ప్యాంటే జారిపోతుంటే రెండుసార్లు నడుం బిగించి కుట్టుకున్నాడు. అంతా దిగులే అనుకుంది భార్య.

విచిత్రం, దొర మాత్రం మునుపటిలా నీళ్లమీద పడటం మానేసింది. అంకెలే దిగిరావడం లేదు. ఫోనులో ఆ అంకెలు విని డాక్టరమ్మ అప్పటికే డోసు పెంచింది. వారానికి ఇంకాస్త పెంచింది.

ఆ పొద్దున ఇన్సులిన్ ఇచ్చిన రెండు గంటలకి దొర లేవబోయి, తాగుబోతులా తూలి, గుమ్మంలో కూలబడింది. కాళ్లు కొట్టుకుంటున్నాయి. పిలిస్తే పలకదు.

చేతికందిన కోటులో, అదీ ఎవరిదో పెళ్లికోటు, చుట్టుకుని, మిషనూ పుస్తకమూ ఉన్న సంచీతో ఇద్దరూ ఆసుపత్రికి పరుగెత్తారు.

డాక్టరమ్మ చెవి గుచ్చి చూసింది. “ముప్పై ఆరు!”

“మూడొందల ముప్పై ఆరా అమ్మా?”

“ఉత్త ముప్పై ఆరు. ఇంకో అరగంట ఆలస్యమైతే దక్కేది కాదు.”

గ్లూకోజు ఎక్కించారు. చాలాసేపటికి దొర తోక కొస కదిలింది. భార్య భోరుమంది.

డాక్టరమ్మ పుస్తకం తిరగేసింది. “పొద్దున మూడొందల నలభయ్యా? మీ మిషను పాడైనట్టుంది, ఇలా ఇవ్వండి.”

దాంతోనూ చూసింది. ఆసుపత్రి మిషను ఎంత చూపిస్తే ఇదీ అంతే చూపించింది.

“మిషను బంగారంలా ఉంది. మరి ఈ అంకెలెక్కడివి?”

భార్య మొగుడివైపు తిరిగింది. “చెప్పరేం?”

దర్జీ తల దించుకున్నాడు.

“అది నన్ను నమ్మి చెవి అప్పగిస్తుంటే గుచ్చడానికి చెయ్యి రాలేదమ్మా, నెల్లాళ్లుగా నా వేలే గుచ్చుకుని రాస్తున్నా.”