పుక్కిలించి వెళ్ళు

టాఫీల ఫ్యాక్టరీలో రుచుల గది గుమ్మానికి అడ్డంగా చెంబమ్మ నిలబడింది.

“పుక్కిలించి వెళ్ళు.”

రుచుల మేస్త్రి చేతిలో స్టాప్‌వాచీ, ఎడమ బుగ్గలో సగం కరిగిన టాఫీ. పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

“ఇకిలించడం కాదు నాయనా, పుక్కిలించమన్నాను.”

“పక్కకి జరుగు మామ్మా. నీళ్ళు తగిలితే నాలుక మొద్దుబారుతుంది. తర్వాతి టాఫీ రుచి ఎవరు చెప్తారు, నువ్వా?”

ఇది అతని సొంత సిద్ధాంతం. రోజుకి పాతిక టాఫీలు. ఒక్కోటీ బుగ్గలో పెట్టుకుని, ఎన్ని నిమిషాలకి కరిగిందో రాయాలి. మధ్యలో మంచినీళ్ళు ముట్టడు. గొంతెండితే నాలుగు చెంచాల పంచదారతో టీ. దానికి మాత్రం నాలుక మొద్దుబారదట.

ఫ్యాక్టరీలో మంచినీళ్ళు అందించడం చెంబమ్మ పని. నోట్లో ఒక్క పన్ను లేదు గానీ మాటకి పదును ఉంది. పాకం వాళ్ళూ, ప్యాకింగు వాళ్ళూ ఆ మాటకి జడిసి రెండు గుక్కలు పుక్కిలించి పోయేవారు. కొత్తగా చేరిన మేస్త్రి ఒక్కడే కొరకరాని కొయ్య.

“ఎంత తిన్నావని కాదబ్బాయ్, ఎంతసేపు నానబెట్టావని చూసుకోవాలి. పొద్దస్తమానం పళ్ళని పాకంలో ఊరేస్తే అయ్యేది జామే.”

“పుక్కిటి పురాణాలు నాకొద్దు. నీకే పళ్ళు లేవు, నా పళ్ళ మీద పెత్తనమా?”

“లేవు కాబట్టే చెప్తున్నా. పొద్దున బ్రష్షు ఎర్రబడుతోందా?”

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. వారం నుంచీ ఎర్రబడుతోంది.

“గట్టిగా తోముతాను. మగాడి తోముడు.”

“చిగురు మెత్తనిది నాయనా, దాని మీదా నీ ప్రతాపం? మెల్లిగా తోము. పడుకోబోయే ముందు కూడా తోము. ఇప్పుడు మాత్రం ఇది పట్టు.”

చెంబు ముందుకు చాచింది.

అతను దాన్ని తోసేశాడు. నీళ్ళన్నీ ఆమె బట్టల మీద ఒలికాయి.

ఆమె కుళాయి దగ్గరికెళ్ళి చెంబు నింపుకొచ్చి, మళ్ళీ అక్కడే నిలబడింది.

“రేపు కూడా ఇక్కడే ఉంటాను,” అంది.

మేస్త్రి ఆ సాయంత్రమే మేనేజరుకి కాగితం పెట్టాడు. ‘బోసినోటి మనిషి గుమ్మంలో కనపడితే మన టాఫీల గురించి చూసేవాళ్ళు ఏమనుకుంటారు?’

మర్నాటి నుంచి గుమ్మం ఖాళీ.

ఏడాది తిరిగేసరికి మేస్త్రి చిగుళ్ళు వాచి, పళ్ళని వదిలి కిందికి జారాయి. ఒకరోజు టాఫీ కొరికి చూస్తుంటే, టాఫీతో పాటు దవడ పన్ను కూడా బయటికొచ్చింది.

“ఇంకో రెండు కదులుతున్నాయి,” అన్నాడు పళ్ళ డాక్టరు. “విచిత్రమేంటంటే, మీ ఫ్యాక్టరీ పాతవాళ్ళ నోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఎవరో దగ్గరుండి పుక్కిలింపజేసేవారట. మీకు చెప్పలేదా?”

మేస్త్రికి నోరు పెద్దదే. కానీ ఆ పూట దాన్నిండా దూది.

అట్నుంచటే మేనేజరు గదికి వెళ్ళి, నోట్లో దూది తీసి పారేశాడు.

“చెంబమ్మని పిలిపించండి. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడేదాకా నేనొక్క టాఫీ కూడా నోట్లో పెట్టను. ఉద్యోగం తీసేస్తానంటే తీసేయండి.”

“ఎక్కడికని కబురు పెట్టను? ఊరే వదిలి వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.”

“వెళ్తూ ఏమైనా అందా?”

“ఏడవలేదు, బతిమాలలేదు. నా ఎదురుగా నిలబడి ఒకటే అడిగింది. టాఫీ కాగితం మీద పళ్ళన్నీ కనపడేలా నవ్వే పిల్ల బొమ్మ ఉంది చూడు, అది తీసేయమంది.”

“ఆ బొమ్మతో ఆవిడకేం పని?”

మేనేజరు కళ్ళు దించుకున్నాడు.

“పదహారేళ్ళప్పుడు ఆ ఫొటోకి నవ్వినందుకే, కంపెనీ ఆవిడకి నెలనెలా డబ్బాడు టాఫీలు ఉచితంగా ఇచ్చింది, పళ్ళన్నీ ఊడేదాకా.”