ఎర్మెలిందా బల్ల

గ్వానకాస్తె చెట్టు చెక్కతో చేస్తున్న బల్ల మీద నేను నిన్న మందంగా పోసిన, గాజులా మెరిసే ఎపాక్సీ జిగురు ఇంకా సగమే గట్టిపడింది. భోజన హోటల్ నడిపే ఎర్మెలిందా రోజూలాగే తన బల్ల అయిందా అని అడగడానికి వచ్చింది.

“ఏం ఎలాదియో గారూ, బల్ల చేస్తున్నారా, చర్చి కడుతున్నారా?”

“పోయినసారి దోమ పడిందండీ. గీకేసి మళ్ళీ పోశాను.”

“అంతకుముందు దుమ్మన్నారు. మన నికోయా ఊళ్ళో దోమలకి చావడానికి ఇంకెక్కడా చోటు దొరకదా?”

దోమా లేదు, దుమ్మూ లేదు. బల్ల ఇచ్చేస్తే ఆవిడ ఇక రాదు. కానీ ఎన్నిసార్లని అబద్ధమాడను?

“ఈసారి బాగా కుదిరింది. ఎవరూ ముట్టుకోకపోతే ఎల్లుండి పట్టుకెళ్ళొచ్చు,” అన్నాను.

ఎర్మెలిందా బల్ల దగ్గరికి వచ్చింది. తర్వాత వంగి, బల్ల నడిమధ్యన బొటనవేలు గట్టిగా నొక్కింది.

“అయ్యో, వేలిముద్ర పడిందే. మళ్ళీ పోయాల్సిందే కదా,” అంది. “రేపొచ్చి చూస్తాలెండి.”