నాలుగో పేరు

టీచరు భర్తతో వేగడం మాటలు కాదు.

ప్రయాణానికి ఇంకా మూడు నెలలుండగానే ఆయన ఉన్ని టోపీ పెట్టుకుని, ఫ్యాను కింద కూర్చుని టీవీ చూసేవాడు.

"అలవాటు కావాలి కదా!" అనేవాడు.

కొండలెక్కడానికి సాధన అని ఇద్దరూ రోజూ మెట్లెక్కేవారు. ఉండేది మూడో అంతస్తులో. రెండోది రాగానే ఆయన ఆగిపోయి, ఎవరిదో పూలకుండీని తదేకంగా చూసేవాడు.

"ఏముందండీ అందులో?"

"మొక్క ఎంత బాగా పెరుగుతోందో చూడు!"

ఆ మొక్క ఎండిపోయి ఏడాదైంది.

టీచరు ఇరవై రెండేళ్ళుగా భూగోళం చెబుతోంది. మంచుకొండల నడుమ, బౌద్ధ మఠాలున్న ఆ ఎత్తైన లోయని గోడ మీది మ్యాపులో ఏటా కర్రతో చూపించేది. కర్ర వెళ్ళిన చోటికి ఒక్కసారైనా కాళ్ళు వెళ్ళాలన్నది ఆవిడ కోరిక.

ఆ లోయలోకి నలుగురుంటే గాని అనుమతి ఇవ్వరు. నలుగురికీ కలిపి ఒకటే కాగితం. ఒక్క పేరు తగ్గినా అది చెల్లదు.

టీచరు, భర్త, టీచరు అక్క. ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నా ముగ్గురే.

నాలుగో మనిషిని ట్రావెల్ ఆఫీసు వాళ్ళు వెతికి పంపారు. సన్నగా, తెల్లజుట్టుతో ఓ పెద్దాయన. పేరు చెప్పాడు గాని, ఇంట్లో అందరికీ 'నాలుగాయన' అయిపోయాడు.

ప్రతి ఆదివారం వచ్చేవాడు. టీచరు భర్త చెయ్యి చాపితే, ముందు తన అరచేతులు రెండూ గట్టిగా రుద్దుకుని, అప్పుడు పట్టుకునేవాడు.

"ఇక్కడే ఇంత చలైతే, అక్కడ ఈయన్ని మనమే మోసుకెళ్ళాలేమోనే" అని అక్క గుసగుసలాడేది.

"ఆ లోయ మీద మీకెందుకండీ అంత మనసు?" అని ఓ ఆదివారం టీచరు అడిగింది.

"నా పనంతా కూతపెట్టే మెషిన్ల మధ్యేనమ్మా. ఒక్కసారి ఏ చప్పుడూ లేని చోట కూర్చోవాలని. డెబ్భై నిండితే రానివ్వరట. నాకు వచ్చే వేసవికి నిండుతాయి. ఈసారి కాకపోతే ఇక లేదు."

ఏ ఫ్యాక్టరీలోనో అనుకుంది టీచరు. అడగలేదు.

చివర్లో వైద్య పరీక్షలు. అక్కాచెల్లెళ్ళు కలిసి వెళ్ళొచ్చారు. భర్త మాత్రం ఒంటరిగా వెళ్ళి, రెండు రోజుల తర్వాత సర్టిఫికెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"గుర్రంలా ఉన్నానట!"

ఆ సాయంత్రమే ఫోను మోగింది. నాలుగాయన.

"నేను రావడం లేదమ్మా. ఆఫీసులో నా పేరు తీయించేశాను."



"ఎందుకండీ?"

"మనసు మారింది."

"ఇంకో మనిషిని వెతుక్కునే వ్యవధి కూడా లేదు! ఇన్ని ఆదివారాలు మా ఇంట్లో కూర్చుని, మా టీ తాగి, ఇలా వెన్నుపోటు పొడుస్తారా?"



"మీ వారిని ఒకసారి..." అని ఆగాడు.

"ఏమిటి మా వారిని?"

"ఏం లేదమ్మా. మెట్లు కాస్త నెమ్మదిగా ఎక్కమనండి."

ఠక్కున ఫోను పెట్టేసింది.

"మొదట్నుంచీ ఆ మనిషి వాలకం నాకు నచ్చలేదు" అన్నాడు భర్త, టోపీ తీసి మడతపెడుతూ.

"మరిదిగారు ఆ మాట అప్పుడే అనుండాల్సింది" అంది అక్క.

నాలుగో మనిషి దొరికేలోపే మంచు పడి, ఆ ఏటికి దారి మూసుకుపోయింది. ఉన్నిబట్టలు అటకెక్కాయి. ఆ ఏడాది పాఠంలో లోయ దగ్గరికొచ్చేసరికి టీచరు కర్ర పక్కకి జరిగిపోయింది.

నాలుగాయన మళ్ళీ రెండుసార్లు ఫోను చేశాడు. ఆవిడ తీయలేదు.

వేసవి దాటాక, ఒక రోజు భర్త రెండో అంతస్తులో పూలకుండీ పక్కనే కూలబడ్డాడు. ఈసారి మొక్క గురించి ఏమీ అనలేదు.

ఆసుపత్రిలో ఇసిజి గదిలో ఓ అమ్మాయి ఆయన ఛాతీ మీద వైర్లు అతికిస్తోంది. పక్కన మెషిన్ కూతపెడుతోంది. ఆ అమ్మాయి వేళ్ళు తగలగానే ఆయన ఉలిక్కిపడ్డాడు.

"అయ్యో, నా చేతులు చల్లగా ఉన్నాయండీ. ఇంతకుముందు ఇక్కడ పనిచేసిన పెద్దాయనైతే, అరచేతులు రుద్ది వెచ్చబెట్టుకుంటే గాని ఎవర్నీ ముట్టుకునేవారు కాదు."

టీచరు తలెత్తి చూసింది. మెషిన్ పైన గోడకి ఒక బొమ్మ. మంచుకొండలు, మధ్యలో మఠం.

"ఆ బొమ్మ..."

"ఆయనదేనండీ. డెబ్భై నిండాయని పోయిన నెలే మానేసి, ఊరొదిలి వెళ్ళిపోయారు. తీసుకెళ్ళమంటే, ఇంకెందుకులే అన్నారు."

ఆ అమ్మాయి కంప్యూటర్లో ఏదో చూసి కనుబొమలు ముడిచింది.

"మీకు పోయినేడు కూడా ఇక్కడే తీశారు కదండీ. అప్పుడే ఇంత చెడ్డగా ఉంటే ఊరుకున్నారేం?"

ఆ అమ్మాయి రిపోర్టు పట్టుకుని డాక్టరు కోసం వెళ్ళింది. టీచరు భర్త వైపు తిరిగింది.

చూడ్డానికి పూలకుండీ కూడా లేని ఆ గదిలో ఆయన చాలాసేపు పైకప్పు వంక చూశాడు.

"తప్పు నాదే" అన్నాడు చివరికి. "నీ ప్రయాణం పాడవుతుందని, తెలిసిన డాక్టరు దగ్గర వేరే సర్టిఫికెట్ తెచ్చుకుంటానన్నాను. నీకు చెప్పొద్దని, ఇక్కడ ఇసిజి తీసిన నాలుగాయన చేతులు పట్టుకుని బతిమాలాను. 'చెప్పను, కానీ మిమ్మల్ని వెళ్ళనివ్వను' అన్నారు."