చేతులు అలాగే ఉండనీ

“ఈవిడ ముఖం తీసేసి, ఆ చోట ఈ ముఖం పెట్టాలమ్మా.”

వచ్చినావిడ స్టూడియో కౌంటర్ మీద రెండు ఫోటోలు పెట్టింది. యాభైకి దగ్గరపడిన మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, సగం నెరిసిన జుట్టు. ఒక ఫోటో వెలిసిపోయి ఉంది. అందులో ఒక పడుచు మనిషి ఏడాదైనా నిండని పాపని ఎత్తుకుని తల వంచి చూస్తోంది. జుట్టు జారి సగం ముఖాన్ని కప్పేసింది. పాప మాత్రం తల పైకెత్తి ఆ ముఖంలోకే చూస్తోంది, లోకంలో ఇంకేమీ లేనట్టు. రెండోది పాస్‌పోర్ట్ సైజు ఫోటో. అందులో ఇంకో పడుచు ముఖం, మూలన సగం ముద్ర. ఏదో కార్డు మీంచి ఊడదీసినట్టుంది.

స్టూడియోలో ఫోటోలు దిద్దే అమ్మాయిని ఆ వీధి వీధంతా వాగుడుకాయ అనే పిలుస్తుంది. పాస్‌పోర్ట్ ఫోటోలో ముక్కునీ, ఎదురుగా ఉన్న ముక్కునీ మార్చి మార్చి చూసిందామె. ఒకటే ముక్కు. అయితే ఇది ఈవిడ వయసులో ఉన్నప్పటి ఫోటో అన్నమాట.

“ఎందుకండీ ఇప్పుడిది?”

“పిల్ల సాయంత్రం బండికి వెళ్ళిపోతోంది, చదువుకి. వాళ్ళమ్మ ఎత్తుకున్న ఫోటో ఒకటి కావాలంది. నోరు తెరిచి ఏదీ అడిగే పిల్ల కాదు. ఇదొక్కటే అడిగింది.”

“మరి ఇదుందిగా!” వాగుడుకాయ వెలిసిన ఫోటో మీద వేలు పెట్టింది.

“అది కాదమ్మా. ఈ ముఖం ఉండాలి.”

వాగుడుకాయకి ఒళ్ళు మండింది. తన చిన్నప్పుడు నాన్న రెండో పెళ్ళి చేసుకున్న వారానికే గోడ మీది అమ్మ ఫోటో అటకెక్కింది. తర్వాత ఎంత వెతికినా దొరకలేదు. ఇప్పటికీ అమ్మని తలుచుకుందామంటే గోడకున్న మేకే కళ్ళముందుకొస్తుంది. ఎన్నేళ్ళయినా ఆ వెలితి తీరలేదు.

“ఈవిడ ఉన్నారా, పోయారా?”

“ఉంది.”

“బతికున్న మనిషినా తీసెయ్యమంటున్నారు! ఆవిడకి తెలుసా?”

“తెలుసు.”

“ఒప్పుకున్నారా?”

ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుంది. “ఒప్పుకోక ఏం చేస్తుందమ్మా.”

“మరి పిల్లకి?”

“తనే చేయించమంది. ఈమధ్య అందరూ ఏఐతో చేయించుకుంటున్నారట కదా.”

పిల్లకి కూడా బాగానే నూరిపోశారు, అనుకుంది వాగుడుకాయ. పైకి అనడానికి లేదు, ఓనరు లోపలే ఉన్నాడు. ఎలాగైనా ఆ పడుచు మనిషిని కాపాడదామనిపించింది. “ఈ ఫోటో జోలికి పోవద్దండీ. పాస్‌పోర్ట్ ఫోటో ఇచ్చి, పాపని ఎత్తుకున్నట్టు కావాలని రాస్తే చాలు, మొత్తం కొత్తగా అదే తయారుచేస్తుంది” అంటూ టకటకా టైపు చేసింది. నిమిషంలో బొమ్మ వచ్చింది. బూరెబుగ్గల పాప, కెమెరా వైపు నవ్వుతోంది. చేతికి ఆరు వేళ్ళు.

“కూరగాయలవాడు కొసరు వేసినట్టు ఒకటి ఎక్కువేసిందిలెండి, తీసేస్తాను.”

ఆవిడ నవ్వలేదు. “ఈ పాప ఎవరో నాకు తెలీదు. మా పాప చూపు రాలేదు. ఆ చూపు ఏ మిషనుకి వస్తుందమ్మా? అది ఈ ఫోటోలోనే ఉంది.”

ముఖం చాలక చూపు కూడా కావాలిట! వాగుడుకాయ పళ్ళు కొరుక్కుంటూ పాత ఫోటోని స్కాన్ చేసింది. పాస్‌పోర్ట్ ముఖం తిన్నగా చూస్తోంది, ఇక్కడ కావలసింది పక్కకి తిరిగి వంగిన ముఖం.

“అలా పక్కకి తిరిగి కూర్చోండి. ఒకటి తీసుకుంటాను.”

“నాదా?”

“మరి నాదా?”

“పనికొస్తుందంటే తియ్యమ్మా. మా ఇంట్లో ముక్కులన్నీ ఒకటే.”

ఫోటో తీసి, వయసు తగ్గించి, పాస్‌పోర్ట్ ముఖంతో కలిపి, వెలుగు సరిచెయ్యమని రాసింది వాగుడుకాయ. ముఖం అతికినట్టు కూర్చుంది. కానీ ఆ టూల్ ఊరుకోకుండా చేతుల్ని కూడా మార్చేసింది. పాప నడుం చుట్టూ సన్నటి, నాజూకు వేళ్ళు.

“చేతులు మార్చకు!” ఆవిడ కుర్చీలోంచి లేచింది. అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. “చేతులు అలాగే ఉండనీ అమ్మా.”

“ముఖమే కొట్టేశాక చేతులెందుకండీ?”

“ఎత్తుకున్నవి అవే కదా.”

వాగుడుకాయ పాత చేతుల్ని వెనక్కి తెచ్చి ప్రింటు తీసింది. ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది.

“అచ్చం ఇలాగే,” అంది. “పిల్ల సంతోషిస్తుంది. ఇంక నాకేం కావాలి.” కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

ఆ కన్నీళ్ళు చూసి వాగుడుకాయ మనసు కాస్త మెత్తబడింది. అయినా నోరు ఊరుకుంటేనా! పాత ఫోటో తిరిగిస్తూ అనేసింది. “దీన్ని పారెయ్యకండి. ఏదో ఒకనాటికి పిల్లకి చూపించండి. పిల్లనంత ప్రేమగా చూసుకున్న మనిషిని మాయం చేసి మీరేం బావుకుంటారు? ఆవిడ ఉసురు తగలదూ?”

ఆవిడ కోప్పడలేదు. పాత ఫోటోని పర్సులో దాచుకుని, కొత్తదాన్ని మడత పడకుండా అట్టల మధ్య పెట్టుకుంది. వాగుడుకాయ చెంప మీద ఒక్కసారి చెయ్యి వేసింది.

“పెట్టింది మా అక్క ముఖమమ్మా, తీసింది నాది.”