సీసాలో నీళ్ళు

చిన్నకూతురు చార్వి గదిలో గోడకు తగిలించిన శాంతి మందు సీసాలో ఉన్నవి మంచినీళ్ళు! లాస్య అరచేతిలో చుక్క వేసుకుని మళ్ళీ వాసన చూసింది.

పదమూడేళ్ళు దాటిన పిల్లల గదుల్లో, దోమల మందులాగా, ఈ సీసా రాత్రీ పగలూ ఆవిరి వదులుతూ ఉండాల్సిందే. అది పీలిస్తే కోపమూ దిగులూ పిల్లల దరిదాపులకు రావు. సీసాలో ఉన్నవి నీళ్ళేనని తేలితే బడి నుంచి పేరు కొట్టేస్తారు. తనిఖీ ఆవిడ రేపే వస్తోంది.

చార్వి ఈమధ్య తలుపులెందుకు బాదుతోందో, కంచం ముందు ఎందుకు ఏడుస్తోందో లాస్యకు ఇప్పుడర్థమైంది.

"ఏమే, ఇది నీ పనేనా?" సీసా పట్టుకుని హాల్లోకొచ్చి చార్విని నిలదీసింది.

"నాకు తెలీదు. ఎవరు పోశారో గానీ మంచి పని చేశారు! నా ఫ్రెండ్ శ్రావ్య నాతో మాట్లాడటం మానేసింది. ఏడవకూడదా? ఏడుస్తా!"

"అక్కని చూసి నేర్చుకో. ఎంత బుద్ధిగా ఉందో!"

సోఫాలో కూర్చున్న మేధ ఎప్పటిలాగే చిరునవ్వు నవ్వింది.

చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న భర్త ప్రణీత్ పళ్ళెం పక్కన పెట్టి లేచాడు.

"దాన్నేమీ అనకు లాస్యా. పోసింది నేనే. మా అమ్మ శవం దగ్గర మేధ ఇలాగే నవ్వుతూ కూర్చుంది, గుర్తుందా? చిన్నది ఏడిస్తే పక్కన కూర్చుంటా. తిడితే పడతా. రానీ ఆవిణ్ణి, మొహం మీదే చెప్తా. మేధ సీసాలో కూడా పొద్దున నీళ్ళే పోశాను."