నిన్న వచ్చింది, ఈరోజు రాలేదు

"మళ్లీ పడిపోయింది, చూడండి," అంటూ టీచరు ఫోను ముందుకు తోసింది.

డిజైనరు తెర మీదికి వంగింది. భిన్నాల్లో నిన్న పదికి పది తెచ్చుకున్న పిల్ల ఈరోజు అవే భిన్నాల్లో రెండు తెచ్చుకుంది.

ఆ ఏడో తరగతిలో ముప్ఫైరెండు మంది పిల్లలు. ఒక్కొక్కరి ముందూ ఒక్కో ఫోను. సాయంత్రం కాగానే వాటిని అల్మారాలో పెట్టి తాళం వేస్తారు. వాటిలోని పాఠాలు తయారుచేసింది డిజైనరే. పిల్లలు తడబడితే పాఠం నెమ్మదిస్తుంది. గబగబా చెప్పేస్తే ముందుకు దూకుతుంది. ఎవరి అడుగుకు తగ్గ మెట్టు వాళ్లకి. రెండేళ్లపాటు తిండీ నిద్రా మరిచి చేసిన పని అది.

ముప్ఫైఒక్క మందికి చక్కగా కుదిరింది. వాళ్లు ఎంత నేర్చుకున్నారో చూపించే గీతలు నిదానంగా పైకి పోతున్నాయి.

గువ్వ గీత ఒక్కటే రంపం పళ్లలా ఉంది.

గువ్వ అసలు పేరు కాదు. మూల బల్ల దగ్గర ఒదిగి కూర్చుంటుందని తరగతిలో అందరూ అలా పిలుస్తారు. ఒకరోజు లెక్కల్లో పులి. మర్నాడు అదే లెక్క ఇస్తే దిక్కులు చూస్తుంది. విచిత్రమేమిటంటే, లెక్కలు రాని రోజున వ్యాసం రాయమంటే మాత్రం టీచరే రెండోసారి చదువుకునేంత బాగా రాస్తుంది.

డిజైనరు వెళ్లి ఆ పిల్ల పక్కనే కూర్చుంది.

"నిన్న నువ్వు చేసిన లెక్కే కదమ్మా ఇది?"

గువ్వ గోళ్లు చూసుకుంది. "ఇంటికెళ్లాక మళ్లీ చెప్పించుకున్నాను మేడం. అప్పుడు అర్థమైనట్టే ఉంది."

"మరి ఇప్పుడేమైంది?"

గువ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ పిల్ల కోసమని డిజైనరు పాఠం వేగం తగ్గించింది. మర్నాడు గువ్వ పది నిమిషాల్లో అంతా ముగించి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సరేనని వేగం పెంచింది. ఆ మర్నాడు గువ్వ మొదటి ప్రశ్న దగ్గరే ఏడ్చేసింది. ఇక ఇలా కాదని, రోజూ ముందు నిన్నటి పాఠం అడిగి, ఆ తర్వాతే కొత్తది మొదలయ్యేలా మార్చింది.

అదే కొంప ముంచింది.

నిన్న వచ్చింది ఈరోజు రాకపోవడం పదిసార్లు జరిగితే, ఆ పేరు పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. 'జ్ఞాపకశక్తి లోపం. ప్రత్యేక బోధన అవసరం.' ఏ పిల్లా ఎవరి కంటా పడకుండా వెనకబడిపోకూడదని, ఎంతో మంచి మనసుతో డిజైనరు తన చేత్తో పెట్టిన నిబంధన అది.

ప్రిన్సిపాల్ బల్ల మీద కాగితం అప్పటికే సిద్ధంగా ఉంది.

"ఊరవతల ప్రత్యేక బడి ఉంది. అక్కడే ఉంచుకుని చదువు చెబుతారు. సోమవారం నుంచి పంపిద్దాం," అందామె.

"ఒక్క పదిరోజులు ఆగండి మేడం. లోపం పిల్లలో కాదేమో, నా పాఠంలో ఉందేమో."

"ముప్ఫైఒక్క మంది దగ్గర లేని లోపం ఈ ఒక్క పిల్ల దగ్గరే ఎందుకొస్తుందండీ? మనిషి పొరబడొచ్చు, ఇది పొరబడదని ఇదే కుర్చీలో కూర్చుని మీరే కదా చెప్పారు?"

డిజైనరు చెప్పిన మాట నిజమే. ఎంత గట్టిగా చెప్పిందో కూడా గుర్తుంది.

కాగితం మీద ప్రిన్సిపాల్ సంతకం పడిపోయింది.

విషయం గువ్వకి చెప్పాల్సిన పని కూడా డిజైనరు మీదే పడింది. ఆ పిల్ల మొత్తం వింది.

"అక్కడే ఉండిపోవాలా మేడం? రోజూనా?"

"అవునమ్మా."

"రోజు విడిచి రోజు వస్తే ఒప్పుకోరా?"

పక్కనే ఉన్న టీచరుకి నవ్వొచ్చింది. "బడికి వంతులేమిటే పిచ్చిదానా!"

డిజైనరుకి నవ్వు రాలేదు. ఆ పిల్ల తన చెయ్యి పట్టుకుంది, వదలడం లేదు. ఆ చిన్న పిడికిలిని ఎలా విడిపించుకోవాలో తెలియక, కాసేపు అలాగే నిలబడిపోయింది.

ఇంట్లోవాళ్ల సంతకం కూడా కావాలి. గువ్వ వాళ్లమ్మని మూడుసార్లు రమ్మన్నారు. మూడుసార్లూ ఒంట్లో బాగోలేదని చీటీ వచ్చింది తప్ప ఆమె రాలేదు. నాన్న లేడని టీచరు చెప్పింది.

"నేనే వెళ్లి మాట్లాడతాను," అంది డిజైనరు. ఏం మాట్లాడాలో ఆమెకే తెలియదు. క్షమించమని అడగాలో, పిల్లని పంపించమని అడగాలో.

గువ్వని టీచరు పక్కన కూర్చోబెట్టి, మధ్యాహ్నం గంట కొట్టకముందే కాగితం పట్టుకుని బయల్దేరింది. బడి వెనక రెండు వీధులు దాటితే ఇల్లు. మూడో అంతస్తు. మెట్ల మీద ఉతికిన దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. తలుపు ముందు నిలబడి, సంచీలోంచి కాగితం తీసి, మళ్లీ లోపల పెట్టి, మళ్లీ తీసింది. చివరికి తలుపు తట్టింది.

లోపల ఎవరో దగ్గుతున్నారు. "పడుకో అమ్మా, నేను చూస్తాను," అని ఒక గొంతు వినిపించింది.

తలుపు తెరుచుకుంది, గువ్వ ముఖమే, గువ్వ కళ్లే, గువ్వ ఎత్తే ఉన్న ఒక అమ్మాయి మందు చెంచాతో బయటికొచ్చి, డిజైనరుని చూడగానే పాలిపోయి, "అక్క దొరికిపోయిందా మేడం?" అని అడిగింది.