సీసానా? పీపానా?

"ఈ ఏటి ఎర్ర వైన్ సీసాకెక్కదు. పీపాలతోనే పోనీ," అన్నాడు ఒనొరే బాబాయి.

సొలాంజ్‌కి ఒళ్లు మండింది. వాళ్ల నాన్న పోయాక ఆమె తన చేతులతో చేసిన మొదటి వైన్ అది. సీసాకెక్కితే దానిమీద తమ వెర్నెజాక్ కోట పేరుంటుంది, మూడు వందల ఏళ్ల పేరు. పీపాలతో పోతే బోర్దో బార్లలో ఊరూ పేరూ లేని ఎర్రనీళ్లు.

"రుచి చూడకుండానే తీర్పా, బాబాయ్?"

"ద్రాక్ష కోతల్లో వాన పడింది కదమ్మా. రుచికి ఫెర్మాన్ గారిని పిలిచా. ఆయన మాటే నా మాట."

ఫెర్మాన్ బోర్దో వ్యాపారి. సరుకు పేరు చెడగొట్టి బేరం చేయడంలో ఆరితేరినవాడు. వస్తూనే బల్ల పక్కనున్న ఇత్తడి ఉమ్మితొట్టిని కాలితో తన వైపు జరుపుకున్నాడు. రుచి చూసేవాడు పుక్కిలించి ఉమ్మాలి గాని మింగకూడదు. మింగితే మధ్యాహ్నానికి మాట, సాయంత్రానికి బాట తప్పుతాయి.

"నాచేత గుటక వేయించిన వైన్ ఈ మెడాక్ సీమలో ఇంకా పుట్టలేదమ్మాయ్," అన్నాడు. "తొట్టి తోమావా?"

"మీ మొహం మీకు కనిపించేంత."

ఫెర్మాన్ గ్లాసు తిప్పాడు, ముక్కు దూర్చాడు, పుక్కిలించాడు, కళ్లు మూశాడు. రెండో గ్లాసు అడిగాడు. "తొందరపడి అన్యాయం చేయకూడదు," అంటూ మూడోదీ పోయించుకున్నాడు.

"పలచన," అన్నాడు చివరికి మూతి తుడుచుకుంటూ. "వాననీళ్లకు పెళ్లిబట్టలు కట్టారు. పాపం, మీ మొహం చూసి పీపాలన్నీ నేనే తీసుకుపోతాలెండి, చవగ్గా."

"విన్నావుగా," అని బాబాయి బేరం ఖాయం చేయడానికి చెయ్యి చాచాడు.

"ఒక్క నిమిషం బాబాయ్," అంది సొలాంజ్. "ఫెర్మాన్ గారూ, మీరు కదలకండి."

ఆమె వంగి తొట్టి రెండు చేతులా ఎత్తి, ఆయన కొత్త తెల్లబూట్ల మీద అమాంతం బోర్లించింది.

"సీసాలు తెప్పించమ్మాయ్," అన్నాడు బాబాయి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంటూ.

బూట్ల మీద ఒక్క చుక్క రాలలేదు.